అద్దానికి కొట్టిన చల్లగాలి

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. డాష్‌బోర్డు ప్లాస్టిక్ క్లిప్పులు మూడు విరిగాయి. ఒక స్క్రూ ఎటో దొర్లిపోయింది. కారు మలుపు తిరిగినప్పుడల్లా లోపలెక్కడో ఇప్పటికీ గలగలమంటుంది. నా మోచేతి మీద తోలు లేచింది. వారానికి ఒక్కటే వచ్చే సెలవు కాస్తా కారులోనే గడిచింది. సూరత్ నవాగామ్‌లో మేముండే గల్లీలో తెలుగువాళ్లు ఒక్కొక్కరుగా ఖాళీ చేసి వెళ్లిపోవడాన్ని కూడా ఈ లెక్కలో కలపాలో వద్దో నాకు తెలియదు. కలిపితే మొత్తం చాలా పెద్దదవుతుంది.

కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్నప్పుడు గల్లీలో మనవాళ్లకున్న మొదటి కారు అదే. నేను మగ్గాల ఖాతాలో లెక్కలు చూస్తాను. ఖాతా అంటే సూరత్‌లో పవర్‌లూమ్ షెడ్డు. ఎంత దారం లోపలికి పోయింది, ఎంత బట్టయి బయటికొచ్చింది, ఎంత తుక్కయింది, ఇదే నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నాను. ఆ మూడూ కలవకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు.

నన్ను ఈ ఊరికి తెచ్చింది మామ. రక్త సంబంధం కాదు, కరీంనగర్ వైపు మా ఊళ్లో వరసకు మామ. జీవితమంతా మగ్గాల మధ్యే నిలబడ్డాడు. చివరికి ఊపిరి సరిగా ఆడక, నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు. ఈ దారపు నూగులోంచి బయటపడమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఊరికి వెళ్లిపోవాలని నిర్ణయమైంది. రైల్లో ఏసీ బెర్తు దొరకలేదు. నా కారులో దింపుతానన్నాను. ఆయన ఒకటే అడిగాడు, ముఖం మీద గాలి తగలాలని. ఆయాసం ఉన్నవాళ్లకు అదెంత అవసరమో దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. గదిలో కూడా ఆయన టేబుల్ ఫ్యానుకు జానెడు దూరంలో ముఖం పెట్టి కూర్చునేవాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఒకసారి చూద్దామని ఊరి బయట కడోదరా దాకా తీసుకెళ్లాను. ఏసీ వేసి అద్దాలు మూశాను. ముందున్న నాలుగు కంతల్లోంచి గాలి వచ్చీరానట్టుంది. చౌరస్తా చేరకముందే ఆయన అద్దం దింపి తల బయట పెట్టాడు. లారీల పొగ తగిలింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక ముందున్న పెద్ద అద్దం మీద చెయ్యి పెట్టి చూశాడు.

"అల్లుడా, సల్లగాలంత గీ అద్దానికే కొడుతుంది. ఆయాసం నాకా, అద్దానికా?"

రోడ్డు పక్కన ఏసీ మెకానిక్‌ను అడిగాను. ముందు గ్యాస్ నింపుదాం, కాకపోతే డాష్‌బోర్డు మొత్తం దించాలి, మూడు రోజులు బండి వదిలెయ్యమన్నాడు. మాకంత సమయం లేదు.

మరునాడు సెలవు. గాలిని కూడా దారంలాగే లెక్క కట్టాలనుకున్నాను. వచ్చిన కొంచెం గాలీ చల్లగానే ఉంది కాబట్టి తప్పు గ్యాసుది కాదు. ముందు ఎడమవైపు అరను ఊడదీసి, దాని వెనకున్న ఫిల్టరు లాగాను. నూగు పట్టి కంబళి ముక్కలా ఉంది. కొత్తది పెడితే మోటారు చప్పుడు తేలికైంది గాని, ముఖానికి వచ్చే గాలి పెరగలేదు. అంటే లోపలికి వెళ్తున్న గాలి మరెక్కడో ఖర్చవుతోంది.

ఒక్కో కంతకు ఒక్కో దారప్పోగు కట్టాను. గాలి ఎటు రావాలో తిప్పే మీట ముఖం బొమ్మ మీదే ఉంది, ఫ్యాను చివరి స్పీడులో ఉంది. అయినా పోగులు సగం వాలి వేలాడుతున్నాయి. ముందు అద్దం అంచున ఉండే సన్నటి జాలీ మీద ఇంకో పోగు పెట్టాను. అది నిటారుగా పైకి లేచింది. వానాకాలంలో ఆ అద్దం బయటివైపు మసక పట్టేది. సూరత్ గాలిలో తేమే అంత అనుకుని తుడుచుకునేవాణ్ని. లోపలి చల్లదనమంతా అద్దానికే పోతోందని అప్పుడు తట్టలేదు.

డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, మీట తిప్పమని మా ఆవిడకు చెప్పాను. తీగ లాగుతోంది, గాలిని అటో ఇటో మళ్లించే రేకు కదులుతోంది, కానీ చివరిదాకా వెళ్లకుండా వేలెడు ముందే ఆగిపోతోంది. దానికేదో అడ్డం ఉంది. అద్దం అంచున జాలీ పీకాను. క్లిప్పులు విరిగింది అప్పుడే. టార్చి వేసి చూస్తే లోపల ఎండిన జమ్మి ఆకు.

దసరా నాడు సాయంత్రం జమ్మి ఆకు ఒకరి చేతిలో ఒకరు పెట్టి, బంగారమని చెప్పి, అలాయ్ బలాయ్ అని గుండెలకు హత్తుకోవడం మన పద్ధతి. ఇక్కడి వాళ్లు ఖీజడో అనే చెట్టు అదే. కారు వచ్చిన దగ్గర్నుంచి గల్లీలో ప్రతివాళ్లూ నా చేతిలో పెట్టినంత కారు డాష్‌బోర్డు మీద కూడా పెట్టేవాళ్లు. బంగారాన్ని ఊడ్చకూడదని మా ఆవిడ దాన్ని అద్దం వైపు నెట్టేది. చిన్న చిన్న రెక్కలు, ఎండి, జాలీలోంచి జారి, ఏటికేడు ఆ రేకు మడత దగ్గర గట్టిగా కూరుకుపోయాయి.

మగ్గంలో దారాలు లాగే సన్న కొక్కెంతో గీకి తీశాను. మామ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. చెత్తబుట్ట అడిగితే మా ఆవిడ కదల్లేదు.

"బంగారం చెత్తల ఎట్లేస్తవ్?"

"వెయ్యకు బిడ్డా, గిటు తే," అన్నాడు మామ. దోసిలి పట్టాడు. వేళ్లతో కాసేపు కెలికాడు. "ఇచ్చినోళ్లల్ల సగంమంది గల్లీల లేరు. ఒగలు భివండీ మగ్గాలకు వాయె, ఒగలు ఊరికి వాయె. రేపు నేను వోతున్న. ఈళ్ల బంగారమే నాకు గాలాడనియ్యలే, సూడు." నవ్వబోయి దగ్గాడు. ఆ పొడిని రుమాలులో మూట కట్టుకున్నాడు.

మీట తిప్పితే రేకు ఈసారి చివరిదాకా వెళ్లి టక్కుమంది. నాలుగు పోగులూ సూటిగా మా వైపు లేచాయి. మామ ముందు సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

ప్రయాణంలో ఆయన అద్దం దింపలేదు. మహారాష్ట్రలో ధూలే దాటాక నిద్రపోయాడు. అంత నిమ్మళమైన నిద్ర నేను ఏడాదిగా చూడలేదు. ఊళ్లో ఇంటి ముందు దిగి, తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"దించినవ్ సరే. మల్ల తోల్కపోవుడెప్పుడు? పనికి గాదురా. ఖాతా ముంగట చాయ్ తాగి, జరసేపు మగ్గాల సప్పుడిని వస్త."

తీసుకెళ్తానని మాటిచ్చాను. డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. మామ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాట ఎత్తుతాడు. ఆ రోజు కారు మీటరు చూసుకున్నాను కాబట్టి లెక్క నాకు తెలుసు. ఆయనకు నేనింకా బాకీ ఉన్నది తొమ్మిది వందల ఏడు కిలోమీటర్లు.