కదలొద్దన్న నర్సమ్మ

జమ్మలమడుగు ఆసుపత్రి నర్సమ్మ పోయిందని మొన్న ప్రొద్దుటూరు బస్టాండులో ఎవరో చెప్పారు. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది. నేనింకా బతికి ఉన్నది ఆమె పుణ్యమే. ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్ళూ నాకు నోరు రాలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాపరాళ్ళ బండి తిరగబడి నేనూ తమ్ముడూ దాని కింద పడ్డాం. పైకి గాయం లేదు, కడుపులు మాత్రం బండల్లా బిగుసుకున్నాయి. ఇద్దరికీ లోపల కార్జం, అదే కాలేయం, చిట్లిందన్నాడు డాక్టరు. కోస్తే నెత్తురు ఆగదు, ఎక్కించడానికి అక్కడ నెత్తురు లేదు. కదలకుండా పడుకుంటే దానంతటదే మానొచ్చన్నాడు. మమ్మల్ని కదలనివ్వకుండా కాయడం నర్సమ్మ వంతయింది.

గంటకోసారి నాడి చూసేది, కంటిరెప్ప విప్పి చూసేది. నోరు మాత్రం మంచిది కాదు. ఆముదంతో నా పొట్ట రుద్దబోయిన మా మామ చేతిమీద ఒక్కటేసింది. తమ్ముడి మాటకు నవ్వితే నన్నూ తిట్టింది.

"నవ్వొద్దు, ఏడవొద్దు. కనపడే నెత్తురుకైతే కట్టు కడతా. లోపల కారేదానికి యాడ కట్టాల?"

నాలుగోరోజు తమ్ముడు లేచి కూర్చుని సంగటి అడిగాడు. ఇద్దరం బతకాలని, ముందు లేచినవాణ్ణి శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి గుడికి తెస్తానని అమ్మ మొక్కుకుని ఉంది.

"ఆంజనేయసామి నెలైనా కాచుకుంటాడు తల్లీ, కార్జం కాచుకోదు" అంది నర్సమ్మ.

"సామికి మాటిచ్చినా. తప్పితే పెద్దోడిని గూడా తీసుకుంటాడు" అంది అమ్మ.

తలుపుకు అడ్డం నిలబడిన నర్సమ్మను పక్కకు నెట్టి అమ్మ వాణ్ణి బస్సెక్కించింది. పులివెందుల చేరకముందే తమ్ముడు ఆమె ఒళ్ళోనే పోయాడు. అమ్మను ఏమనగలను? ఆ మొక్కు మా ఇద్దరి కోసం.

గండికి వెళ్ళారనే తప్ప, వాడు పోయిన సంగతి నాకు తెలియదు. ఇంకా మూడువారాలు నేను కదలకూడదు.

"తమ్ముడెట్లుండాడు?" అని రోజూ అడిగేవాణ్ణి.

"మీ అమ్మకాడ పండుకోనుండాడు లే" అనేది నర్సమ్మ. ఒకరోజు గండి ప్రసాదమని కొబ్బరిముక్క నోట్లో పెట్టింది. అది అంగట్లో కొన్నదట. అమ్మ నన్ను చూడ్డానికి రాలేదన్న కోపమంతా ఆమె మీదే చూపించాను. ఆమె నా నాడి చూసి వెళ్ళిపోయేది.

చివరికి ఒకనాటి పొద్దున మంచం దించి పది అడుగులు నడిపించింది. మళ్ళీ కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. నేను ఆమెను కొట్టాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

"ఇంగ ఏడ్సుకో అప్పా. ఏం గాదు" అంది.

నేను ఏడ్చినంతసేపూ రెండు చేతులతో నా పొట్ట అదిమి పట్టుకుని ఉంది.