లూపులో తిరిగిన నాట్ల పాట

మాది పామేడు దగ్గర ఊరు. ఇనుప గనులుండే బచేలిలో ఒక మొబైల్ దుకాణంలో పనిచేస్తాను, మిగతా టైమంతా చప్పుళ్ళు ఏరుకుంటాను. ఇనుపరాయి మోసే గూడ్సు బండి, సంతలో హిందీలో అరిచే టమాటాలావిడ, మా ఇంటి రోకలి పోటు... అన్నీ ఫోన్లోకెక్కించి, కంప్యూటర్లో ముక్కలు కోసి, బొంత కుట్టినట్టు కలిపి కుడతాను. దాన్ని నేను పాట అంటాను. మా అమ్మ లొల్లి అంటుంది.

మొన్న సెలవుకి ఊరెళ్ళినప్పుడు, ఈసారి ఒక మనిషి గొంతు పెట్టాలనిపించింది. గొంతంటే మా పెద్దమ్మదే. కాకపోతే ఆమె మేకలు అమ్మ మిరపనారు మేసిన దగ్గర్నుంచి ఈ తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. మధ్యన ఉన్నది ఒక్క దడే, ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. అయినా ఉప్పూ నిప్పే. ఇద్దరి చేతి కూరా తిని పెరిగినదాన్ని, నా బాధ ఎవరికి పట్టింది!

అమ్మ చూడకుండా అటు వెళ్ళాను. పెద్దమ్మ ఫోను ముందు గొంతు సవరించుకుని నాట్ల పాట ఎత్తుకుంది.

"మడి నిండె, మబ్బు దిగె, తోడెవరే?"

అంతే, ఆపేసింది. తర్వాతది పాడమన్నాను.

"అది నాది కాదు బిడ్డా, ఎదుటి వరసది."

నాట్లప్పుడు మా ఆడవాళ్ళు రెండు వరసలుగా నిలబడతారు. ఒక వరస అడిగితే రెండో వరస జవాబు పాడాలి. పాడకపోతే అడిగినవాళ్ళని మనుషుల్లో లెక్కవేయనట్టే. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ వెంట తెచ్చుకున్న కంప్యూటర్ ముందు కూర్చుంటే ఊరు గుర్తుంటుందా! ఆ ఒక్క ముక్కనే గూడ్సు బండి తాళం మీద తిప్పి తిప్పి వేసి, మర్నాడు మా వాకిట్లో స్పీకరు పెట్టాను. అబ్బ, ఏం మోగిందో!

తోడెవరే, తోడెవరే, తోడెవరే...

వంకాయలు కోస్తున్న అమ్మ కత్తిపీట మీంచి లేచి వచ్చింది.

"ఏందే ఇది? అక్క అన్నిసార్లు అడుగుతాంటె పలికే దిక్కు లేదా?"

అమ్మ నోట 'అక్క' అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. నన్ను ఉరిమి చూసి, తనే అందుకుంది.

"నేనుంటినే, నారందుకోవే."

గబుక్కున స్పీకరు ఆపేశాను. ఇప్పుడిక వంతు పెద్దమ్మది. దడి అవతల చీపురు చప్పుడు ఆగింది. అమ్మ వంకాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అవతల పలక్కపోతే అమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? నా దగ్గర చూస్తే ఇంకో ముక్క లేదు. పలుకు పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా అని లోపల్లోపలే వేడుకున్నాను.

"ఓ చెల్లె," అంది అవతలి గొంతు, "గంత సన్నగ పాడితె మడి అవతలికి ఇనబడ్తదా? మళ్ల అడుగుత, గట్టిగ పలుకు."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఈసారి ఊరంతా వినేలా పలికింది.