కుడితిలో కలిపిన రెండో సగం

సమస్త ప్రాణులకు ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. నోరులేని పశువును కూడా తన చేతి పనిగా చూసుకునే ఆయనకే మహిమ. ఈ మాట రాసే అర్హత నాకు లేదు. అయినా దీనితోనే మొదలుపెట్టాలి.

గురజాల దగ్గర మా ఊళ్లో, నిరుడు మిరప కోతల కాలంలో, పశువుల డాక్టరు కొన్ని బర్రెలకు ఒక పొడి ఇచ్చాడు. బర్రె కడుపులో కంటికి కనపడని సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి మీథేన్ వాయువు తయారుచేస్తాయి. బర్రె తేన్చినప్పుడల్లా అది గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది. దాన్ని తగ్గించడానికే ఆ పొడి. "రోజుకో పొట్లం. పొద్దున సగం, సాయంత్రం సగం. రెండూ ఒక్కసారే పడితే విషం," అని ఆయన గట్టిగా చెప్పాడు.

పక్కింటి పిన్నికి ఉన్నది ఒక్కటే బర్రె, దానికీ ఆ పొడి ఇచ్చారు. ఆమె కోతకు పోయిన రోజు కుడితి కలిపేది నేను.

"బర్రె తేన్పులకి కూడా మందేందే! మీ బాబాయి తేన్పులకి ఏమన్నా ఇస్తాడేమో అడుగు," అని పిన్ని నవ్వేది.

పిన్ని కోతకు పోయిన ఒక శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. చీకటి పడేదాకా ఇంటికి రాలేను. అందుకని సాయంత్రం పెట్టాల్సిన సగం కూడా పొద్దుటి కుడితిలోనే కలిపేశాను. దేవుని పని మీద పోతున్నాను, ఆయనే చూసుకుంటాడు అనుకున్నాను.

మధ్యాహ్నం చర్చికి కబురొచ్చింది. పరుగెత్తి వెళ్లేసరికి బర్రె పడిపోయి రొప్పుతోంది. డాక్టరు అప్పటికే వచ్చాడు.

"పొడి ఎంత పెట్టావమ్మా?"

"సగమే సార్."

నా మాట నమ్మి, లేత పచ్చజొన్న మేసి విషమెక్కిందేమోనని ఆయన దానికి తగ్గ ఇంజెక్షన్ ఇచ్చాడు. పొద్దు వాలకముందే బర్రె చనిపోయింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యానికి పిన్ని లేచింది. "నా బర్రె పోయేటప్పుడు దాని తల ఒళ్లో పెట్టుకోని చానాసేపు ఏడ్చింది ఈ పిల్లే. దేవుడు దీన్ని చల్లగా చూడాల."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

అప్పటినుంచి చర్చిలో పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో నాకు ఆ బర్రె తేన్పు వినిపిస్తుంది. పిన్ని మాత్రం ఖాళీ కుడితి తొట్టిని ఇంకా కడుగుతూనే ఉంది.

ఈ ఆదివారం సాక్ష్యానికి నేను లేవాలి. అంతకుముందే పిన్ని గడప ఎక్కి, ఆ రెండో సగం సంగతి, డాక్టరుకు ఆడిన అబద్ధం సంగతి చెప్పాలి. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, ఈ నోరు తెరువు. ఆమెన్.