నలుపు తెలుపు చారల బట్ట

ఉదయం ఆరింటికి కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చంకలో గొట్టంలా చుట్టిన బట్ట. దాన్ని నేసిన మనిషికి ఒక చేదుమాట చెప్పడానికే ఈ ప్రయాణం.

పొలాల సర్వేకి ఎగిరే డ్రోన్ కెమెరాల లెన్సులు పరీక్షించడం నా ఉద్యోగం. నేల మీద నలుపు తెలుపు చారల బట్ట పరిచి, పైనుంచి ఫొటో తీసి, ఎంత సన్నని చార దాకా విడిగా కనిపిస్తుందో చూస్తాను. ఫ్లెక్సీ అయితే ఎండకు మెరుస్తుంది, అందుకని మగ్గం బట్టే వాడతాను. ఎనిమిదేళ్లుగా మైదుకూరు దగ్గరి ఒక నేత ఊళ్లో ఓబులేసన్న నేసిస్తున్నాడు. ఒక్క పోగు కూడా తప్పలేదు.

ఈసారి కొత్త బట్ట మీద మూడు లెన్సులు ఒకే మూల మసక చూపించాయి. పనికిరావని తిప్పి పంపేశాను. నాలుగోదీ అలాగే చూపించేసరికి అనుమానమొచ్చి, బట్టను తలకిందులుగా తిప్పి పరిచాను. మసక కూడా బట్టతో పాటే తిరిగింది. లెన్సులు మంచివే, బట్టలోనే సన్న చారలు కలిసిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఎనిమిదింటికి నంద్యాల. బస్సు ఆగితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్నాయన బేతంచెర్ల బండల వ్యాపారి.

“ఏమప్పా, ఆ చుట్టలో ఏముండాది?”

చెప్పాను.

“కండ్ల డాక్టరు గోడకు అక్షరాలు తగిలించి చదవమంటాడే, అట్లాంటిదా?”

“అట్లాంటిదే,” అన్నాను.

పదిన్నరకు మైదుకూరులో దిగి, షేర్ ఆటోలో పదకొండుకు ఊరు చేరాను. ఓబులేసన్న టీకి పోయాడట. ఆయన భార్య సుబ్బక్క మగ్గం ముందు కూర్చుని, నేసిన చీరలో పోగులు విప్పుతోంది. నా చేతిలో చుట్టను చూసి ఆగిపోయింది.

“తప్పు పోయిందా సార్? ఆయనకు చూపు ఆనడంలే. చీరలైతే ఆయన బయటికి పోయినప్పుడు ఇట్లా విప్పి మళ్లీ నేస్తాండా. మీ బట్ట లెక్క నాకు తెలీకపాయె.”

“కళ్లు ఎక్కడైనా చూపించారా?”

“కడపలో చూపించినాం. నరం ఎండిపోయిందంట. ఉన్న చూపూ పోతాదంట. ఆయనకు మాత్రం శుక్లాలని చెప్పినా, చలికాలం ఆపరేషన్ చేస్తారని. మీరు చెప్పాకండి సార్.”

తప్పు లెన్సుల మీదికే తోసేసి వెళ్లిపోదామనుకున్నాను.

ఓబులేసన్న గుమ్మం తడుముకుంటూ వచ్చాడు. గొంతు విని గుర్తుపట్టాడు.

“బట్ట ఎట్లుండాది సార్?”

“బాగుందన్నా. లెన్సులే బాగాలేవు. మూడు తిప్పి పంపాను.”

“మూడూనా?”

బట్టను ఒళ్లోకి లాక్కున్నాడు. నల్లనూలు రంగు తాగి కాస్త బిరుసుగా ఉంటుంది, వేలికి తెలుస్తుంది. గోటితో చారలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోయి మూల దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ లెక్కపెట్టాడు.

“అద్దాలు మంచివే సార్. వాటిని ఎనక్కి తెప్పించండి. తప్పు నాది.” బట్టను చుట్టి నా చేతిలో పెట్టి, “చలికాలం ఆపరేషన్ అయినాక మంచిది నేసిస్తా. అంతదాకా ఇంగెవురికీ ఇయ్యకుండా ఆగుతారా?” అన్నాడు.

సుబ్బక్క నా వైపే చూస్తోంది.

“ఆగుతానన్నా,” అన్నాను.

సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు.

రెండున్నరకు మైదుకూరులో తిరుగు బస్సు ఎక్కాను. ఇన్నేళ్లూ గాజులో వెంట్రుకవాసి లోపం దొరికినా వద్దని రాసినవాణ్ణి, ఇప్పుడు తప్పున్న బట్టను ఒళ్లో పెట్టుకుని తెస్తున్నాను. దాన్ని పారేయమన్నా నా చేత కాదు. ఆళ్లగడ్డ దాటాక ఆఫీసు నుంచి మేనేజరు ఫోన్ చేశాడు.

“కొత్త బట్టకు ఆర్డర్ ఎవరికిద్దాం?”

“చలికాలం దాకా ఎవరికీ వద్దు సార్. పాతదే వాడదాం.”

“చలికాలంలో ఏముంది?”

ఒళ్లో బట్ట చుట్టను సర్దుకున్నాను.

“మా ఓబులేసన్నకు కంటి ఆపరేషన్. అది అయ్యాక ఆయనే నేస్తాడు,” అన్నాను.