ఆరో పేరా

మామిడికాయలు కొట్టేటప్పుడు జ్ఞానమణి పిన్ని ఎవరితోనూ మాట్లాడదు. ఒక్క వేటుకి టెంకతో సహా కాయ రెండవ్వాలి. రెడ్డిగూడెం తోటల నుంచి కాయ తెప్పించడం, కొరికి పులుపు చూడడం, కారం, ఆవపిండి పాళ్ళు కలపడం అన్నీ ఆమే. తిరువూరులో ఆమె ఆవకాయ తినని ఇల్లు తక్కువ. పక్కింటి రిబ్కా అక్క జాడీలు చూసుకునేది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నేను ముక్కలు తుడిచేదాన్ని.

2003 వేసవిలో విజయవాడ దుకాణదారు ఒకాయన వచ్చి, ఏడాది పొడుగునా సరుకు తీసుకుంటానన్నాడు. కాకపోతే ఫర్ము పేరున బిల్లు ఉండాలి, చెక్కు ఆ పేరునే ఇస్తానన్నాడు. అంటే భాగస్వామ్య ఒప్పందం రాసుకోవాలి, దాన్ని రిజిస్టరు చేయించాలి, ఆ కాగితాలతో బ్యాంకులో ఖాతా తెరవాలి, సేల్స్ టాక్స్ నంబరు తెచ్చుకోవాలి. పిన్నికి బావగారు, సుందరరావు, రిటైరైన గుమాస్తా. ఆ పనంతా తనకు వదిలేయమన్నాడు. ఆఫీసుల్లో మాట్లాడడానికి మగమనిషి ఉండాలంటూ పిన్ని, రిబ్కా అక్కలతో పాటు తనూ మూడో భాగస్వామిగా చేరాడు.

దస్తావేజు లేఖరి దగ్గరికి సాక్షి సంతకం కోసం నన్నూ తీసుకెళ్ళారు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. లేఖరి స్టాంపు కాగితాలు పట్టుకుని గబగబా చదువుకుపోతున్నాడు. నేను పిన్ని భుజం మీదుగా చూస్తున్నాను. మూడో భాగస్వామి అన్న మనిషి పేరు కాగితంలో మొదట ఉంది. ఆరో పేరాలో, బ్యాంకు ఖాతా నడిపేదీ, చెక్కుల మీద సంతకం పెట్టేదీ, ఎవరినైనా ఫర్ములోంచి తీసేసేదీ మొదటి భాగస్వామి ఒక్కడే అని ఉంది. లేఖరి ఆ పేరా చదవకుండానే పేజీ తిప్పేశాడు. చెబుదామని నోరు తెరిచాను. సుందరరావు నా వైపు చూసి పెన్ను అందించాడు. సంతకం పెట్టేశాను.

అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చే, బైబిలు వాక్యం ఉన్న వాగ్దాన కార్డును ఏటా లామినేషన్ చేయించి గోడకు తగిలించడం పిన్ని అలవాటు. నూనె చేతులు తగిలి పాడవకూడదని ఒప్పందాన్ని కూడా పేజీ పేజీకీ లామినేషన్ చేయించింది. వారం తర్వాత విజయవాడ రిజిస్ట్రారు ఆఫీసుకి అందరం వెళ్ళాం. అక్కడి గుమాస్తా ఆ పేజీలు తిప్పి తిప్పి చూసి, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు, మళ్ళీ రాయించి అందరూ మళ్ళీ సంతకాలు పెట్టాలన్నాడు.

తిరుగు బస్సులో మైలవరం నుంచి తిరువూరు దాకా సుందరరావు తిడుతూనే ఉన్నాడు. చదువు లేని ఆడవాళ్ళతో వ్యాపారమంటే ఇంతేనని ముందు సీట్లవాళ్ళకి కూడా వినిపించాడు. తప్పు తనదేనని పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది మాత్రం నేను ఓర్చుకోలేకపోయాను. ఇంటికి రాగానే ఆరో పేరా మీద వేలు పెట్టి పైకి చదివాను. చివరిదాకా చదివాను. పిన్ని ఇంకోసారి చదవమంది.

మర్నాడు మధ్యాహ్నానికి సుందరరావు కొత్త స్టాంపు కాగితాల మీద పాత మాటలే రాయించుకొచ్చాడు. పిన్ని కాయలు కొడుతోంది. కత్తి ఆపకుండానే ఆరో పేరా సంగతి అడిగింది.

"ఫర్ముకి పేరు నీదేగా పెట్టించా, జ్ఞానమణి పచ్చళ్ళని. ఇంకేం కావాలమ్మా?"

"సీసా మీద నా పేరు, చెక్కు మీద మీ సంతకం. అంతేగా బావగారూ?"

అవన్నీ రూలు కోసం రాసే ఉత్త మాటలన్నాడు ఆయన.

"ఉత్త మాటలే అయితే అక్కడ నా పేరు రాయించుకు రండి."

ఆఫీసుల చుట్టూ నువ్వే తిరుగుతావా అని ఆయన ఎగతాళిగా నవ్వాడు. నిన్న వెళ్ళొచ్చిన బస్సు ఇవాళా ఉందంది పిన్ని. ఇక ఈ గడప తొక్కనని లేచి వెళ్ళిపోయాడు. పిన్ని ఇంకో కాయ తీసుకుని, ముక్కలు ఎగిరి నా ఒళ్ళో పడేంత గట్టిగా కొట్టింది.

పిన్ని, రిబ్కా అక్క ఇద్దరే భాగస్వాములుగా ఇంకో లేఖరి దగ్గర రాయించుకున్నారు. ఆయన చదువుతున్నంతసేపూ నేను కాగితం అంచు పట్టుకునే ఉన్నాను. పిన్ని సరే అన్నాకే పేజీ వదిలాను. ఈసారి ఎవరూ పెన్ను అందించకుండానే సాక్షి సంతకం పెట్టాను.

గడప తొక్కనన్న మనిషి క్రిస్మస్‌కి వచ్చాడు. ఆరో పేరా ఉన్న ప్లాస్టిక్ పేజీ గోడ మీద వాగ్దాన కార్డుల పక్కనే ఉంది. పిన్ని సరిగ్గా దాని ఎదురుగా కుర్చీ వేసి, కూర్చోండి బావగారూ అంది.