సీటు కోసం వేసిన ఫ్లాస్కు

నా చిన్నప్పుడు మా ఇంట్లో టీ మా తాతయ్య కోసం కాచేవారు కాదు, తాతయ్య గొంతు కోసం కాచేవారు. ఆయన హరికథలు చెప్పేవాడు. కథకు ముందు మిరియాలు, శొంఠి దంచి వేసిన టీ ఒక కప్పు పడితే గాని ఆ గొంతు తెరుచుకునేది కాదు. బయట కొట్లో టీ పడేది కాదు. అందుకని విజయనగరం నుంచి ఏ ఊరు కథకి వెళ్లినా టీ ఇంటి నుంచే వెళ్లాలి. పంచె, గజ్జెలు, చిడతలు ఒక సంచి, టీ ఒక సంచి.

ఏళ్ల తరబడి ఆ టీ ఇత్తడి చెంబులో వెళ్లింది. మూత పెట్టి, పాత దుప్పటి ముక్క చుట్టి, తాడుతో కట్టి ఇచ్చేది మా నాయనమ్మ. దారిలో సగం చల్లారిపోయేది. ఒక ఏడు సాలూరులో లారీ నడిపే మా చిన్నాన్న ఎక్కడినుంచో ఒక ఫ్లాస్కు తెచ్చాడు. ఎర్రటి రేకు మీద తెల్ల పువ్వులు, లోపల అద్దం బుడ్డి. పొద్దున్న పోసిన టీ సాయంత్రం పొగలు కక్కేది. అంతకంటే అందమైన వస్తువు నేను అప్పటికి చూడలేదు.

వేసవి సెలవుల్లో తాతయ్య భావనపాడులో కథ ఒప్పుకుని నన్ను వెంటబెట్టుకెళ్తానన్నాడు. టీ దేన్లో పట్టుకెళ్లాలన్న దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమైంది.

"అద్దం బుడ్డీని బస్సులో అట్టుకెల్తారేటి? సెంబు సొట్టపడితే పడతాది గానీ పగలదు కదా," అంది నాయనమ్మ.

నేను ఏడుపు లంకించుకున్నాను. ఒళ్లోంచి కింద పెట్టనని ఆవిడ చెయ్యి పట్టుకుని ఒట్టు వేశాను. తాతయ్య నవ్వి, "ఇచ్చీయే, గుంట మోజు పడతంది," అన్నాడు.

టెక్కలి దాకా ఒట్టు నిలబడింది. అక్కడ భావనపాడు బస్సు మారాలి. ఆ బస్సు వచ్చిందంటే జనం తలుపు దగ్గర కొట్టుకుంటూనే కిటికీల్లోంచి తువ్వాళ్లూ సంచులూ సీట్లలోకి వేసేస్తారు. గుడ్డ ఎవరిదో సీటు వాళ్లది. తాతయ్య వెనక మెల్లగా వస్తున్నాడు. ఆయన మోకాళ్ల నొప్పులతో నిలబడి ప్రయాణం చేస్తే సాయంత్రం గజ్జె కట్టి ఆడలేడు. నా చేతిలో తువ్వాలు లేదు. ఫ్లాస్కు ఉంది. కిటికీలోంచి దాన్నే సీటు మీదకు వేసేశాను.

సీటు దొరికింది. ఫ్లాస్కు మాత్రం సీటు మీంచి దొర్లి కింద పడింది.

తీసి చూస్తే పైన గీత కూడా లేదు. కదిపితే లోపల గలగలమంది. చక్కెర కరగలేదేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. తాతయ్య వచ్చి కూర్చుని, "అబ్బో, సీటాపీసేవే! నువ్వు నేకపోతే నానేటైపోదునో," అని నా తల నిమిరాడు. ఆ మెచ్చుకోలుతో, నిజం చెప్పడానికి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. బస్సు నౌపడ ఉప్పు మళ్ల పక్కనుంచి వెళ్తోంది. అంతవరకు చల్లగా ఉన్న ఫ్లాస్కు రేకు నా ఒళ్లో మెల్లగా వెచ్చబడింది. లోపలి బుడ్డి పగిలిందని ఆ వేడి చెప్తూనే ఉంది. నేను కిటికీలోంచి ఉప్పు కుప్పలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

కథ చెప్పించేవారి ఇల్లు సముద్రానికి దగ్గరే. పొద్దు వాలుతుండగా జనం చాపలు వేసుకుని కూర్చున్నారు. తాతయ్య పట్టుపంచె కట్టి, గజ్జెలు కట్టుకుని, అరుగు మీద కూర్చుని ఫ్లాస్కు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. మూత తీసి, ఆ మూతలోనే టీ పోసుకున్నాడు. చిక్కటి టీ, అడుగున ఏముందో కనబడదు. చల్లారిన టీయే అయినా ఆయన మూత ఎత్తి ఊదాడు. మళ్లీ ఊదాడు. పెదవి దాకా తెచ్చాడు.

"వద్దు తాతా!" అని అరిచి చెయ్యి పట్టుకుని లాగేశాను. టీ అంతా పట్టుపంచె మీద పడింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆయన తొణకలేదు. మిగతా టీ ఇసకలో వంపాడు. అద్దం పెంకులు ఎండకు తళుక్కుమన్నాయి.

"నా గజ్జెల్లో ఒక్క మువ్వ బీటేస్తే కథ మజ్జలో తెలిసిపోతాది నాకు. ఇంత అద్దం గలగలమంటే ఇనబడదేటే?" అన్నాడు.

నాకు ఏడుపులోనే కోపం ముంచుకొచ్చింది. "తెలిసీ నోటికాడికి ఎందుకు తెచ్చేవు మరి?"

"తాగెత్తాననుకున్నావేటి, ఎర్రిమొకమా! నువ్వు సెప్పకపోతే నానే పారబోసీవోడిని. బస్సు దిగిన కాడినుంచి సూస్తన్నాను, మొకం ఇంతైపోనాది నీకు. నానడిగితే దొంగని పట్టుకున్నట్టుంటాది. అందుకే నీకు కాసింత టైమిచ్చేను. పోనీయే. బుడ్డి పోనాది, అంతే కదా."

ఆ ఇంటావిడ గబగబా మిరియాలు వేసి నీళ్లు కాచి ఇచ్చింది. మొదటి పద్యంలో గొంతు కాస్త జీరపోయింది, తరవాత అందుకుంది. పంచె మీద అరచెయ్యంత మరక పెట్టుకునే కథంతా చెప్పాడు. ఎందుకలా అయిందని ఎవరో అడిగితే, "మా మనవరాలు నా పేణం కాపాడింది బాబూ," అన్నాడు. నవ్వుకి అన్నాడో నిజంగానే అన్నాడో నాకు అప్పుడు తెలియలేదు.

నాయనమ్మకు నేనే చెప్పాను, ఎవరూ అడక్కముందే. వారం రోజులు సాధించింది. తిట్లు తింటూనే రెండు పూటలా కడుపునిండా అన్నం తిన్నాను.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. మొన్న బీపీ మాత్ర వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ వేసుకున్నాను. కోడలికి చెబితే ముసల్దానికి మతి పోయిందనుకుంటుందేమోనని సిగ్గేసి, గంటసేపు మంచం మీద కూర్చున్నాను. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి చెప్పేశాను. ఆ పిల్ల నన్ను తిడుతూనే డాక్టరుకి ఫోన్ చేసింది, తిడుతూనే పక్కన కూర్చుని సాయంత్రం దాకా నా చెయ్యి వదల్లేదు. చెప్పాక పడే తిట్లకు బరువుండదు. చెప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ గంటే బరువు.