అగ్గిపెట్టె కళ్లకద్దుకున్న మా గోపి

నిన్న పొద్దున దీపం వెలిగించాను. అగ్గిపెట్టె ఇంకా చేతిలోనే ఉంది, ఫోన్ మోగింది.

మా తమ్ముడి భార్య సుధ.

"వదినా, ఈయన లేస్తా లేరు."

అంతే అంది.

మా గోపి పోయాడు. హార్ట్ అన్నారు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు.

యలహంక నుంచి క్యాబ్‌లో వెళ్తున్నంతసేపూ నాకు ఒకటే అయోమయం. వాడు నటించిన సినిమాలో పోయింది అక్క కదా?

మీలో చాలామంది ఆ సినిమా చూడలేదు. నాలుగు రోజులే ఆడింది. బెంగళూరు నగర్తపేటలో బట్టల షాపు చూసుకుంటూ, ఆదివారాలు నాటకాలు వేసుకునే మా వాడికి అదొక్కటే సినిమా.

కథ ఇంతే. అక్క చనిపోయాక తమ్ముడు, ఆ వేషం గోపిదే, మెల్లగా ఆమెలా మారిపోతాడు. ఆమె చీర కట్టుకుంటాడు. ఆమె గొంతుతో అందరినీ కసురుతాడు. ఆమె పూజ చేస్తాడు, దీపం వెలిగించి అగ్గిపెట్టెను కళ్లకద్దుకుంటాడు. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. అతని భార్యగా వేసిన అమ్మాయి ఒక్క మాటా లేకుండా, ఆడబిడ్డకు వడ్డించినట్టే అతనికి వడ్డిస్తుంది.

అది భయపెట్టే సినిమానో, నవ్వించేదో, ఏడిపించేదో నాకు తెలియలేదు. ముందు వరుస నవ్వింది. వెనక ఒకావిడ ఏడ్చింది. ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

నేను కదలలేదు. ఆ నడక నాది. ఆ కసురు నాది.

బయటికొచ్చాక గోపిని అడిగాను. "అగ్గిపెట్టెను ఎవరన్నా కళ్లకద్దుకుంటారా అప్పా? జనం ఎట్ల నవ్వినారో చూస్తివా?"

"నువ్వే కదక్కా. దీపం పెట్టినాక, దినామూ."

"నేనా?"

"నీకు తెలీదులే. ఇంట్లో అందరికీ తెలుసు."

"అంటే నన్ను ఎగతాళి చేసినావా?"

"ఆటో వచ్చింది, ఎక్కక్కా" అని నవ్వాడు.

తర్వాత ఎన్నోసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. షుగర్ మాత్రలు వేసుకున్నావా అని అడిగాను. ఇది మాత్రం మళ్లీ అడగలేదు.

నిన్న శ్మశానంలో ఆ డైరెక్టర్ నా దగ్గరికొచ్చారు. జనం నవ్వుతారు, అగ్గిపెట్టె తీసేద్దామని ఆయన అన్నారట. గోపి ఒప్పుకోలేదట. "నవ్వనీండి సార్. అది తీసేస్తే ఆమె మా అక్క కాదు" అన్నాడట.

మరి ఆ మాట నాకే చెప్పి ఉండొచ్చు కదా. ఎందుకు చెప్పలేదో ఎంత ఆలోచించినా తోచడం లేదు.

సూతకం కాబట్టి ఈ రోజు దీపం లేదు. అయినా ఆ వేళకు లేచి, అలవాటుగా అగ్గిపెట్టె అందుకున్నాను. గుర్తొచ్చి తిరిగి పెట్టేలోపే చెయ్యి దానంతటదే కళ్ల దగ్గరికి వెళ్లింది.

మధ్యలో ఆగిపోయాను. యాభై ఏడేళ్లకు మొదటిసారి నన్ను నేను చూసుకున్నాను.

ఎగతాళికైతే ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. వీడు ఎన్నేళ్లు చూశాడో.

గోపీ, నాకింకా పూర్తిగా అర్థం కాలేదప్పా. ఇక అడగనులే.

నన్ను చూసింది చాలు. ఆ స్వామి ఒడిలో నెమ్మదిగా కళ్లు మూసుకో.